పరుపుగుడ్డ జట్టు

పోయిన వారం మస్తాన్ బీని మహబూలా గ్రౌండులో, చాచిన చేతులు చాచినట్టే ఉండగా వదిలేసి వచ్చాం. పేజీలు అయిపోతే నేనేం చెయ్యను? మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

మస్తాన్ బీ కువైట్‌లో ఎగైలా అనే పేటలో ఒక అరబ్బు ఇంట్లో వంటమనిషి. కడప మనిషి, దూదేకుల వాళ్ళ ఆడపడుచు, యాభైకి దగ్గర పడింది. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో చుట్టపక్కాలంతా భోంచేసి లేచాక, గిన్నెలు సర్దేసి, మామా అని పిలిచే యజమానురాలి దగ్గర సెలవు తీసుకుని మహబూలా వస్తుంది. అక్కడ మన తెలుగు ఆడవాళ్ళు బాస్కెట్‌బాల్ ఆడుతుంటారు. వాళ్ళకు చిత్రాన్నం పెట్టి, మజ్జిగ పోసి, గట్టు మీద కూర్చుని ఆట చూసి, చీకటి పడేలోపు వెళ్ళిపోతుంది. ఆమెకు బంతికీ బత్తాయికీ తేడా తెలుసని కూడా ఎవరూ అనుకోలేదు.

పోయిన వారం బంతి దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆమె మజ్జిగ చెంబు పక్కన పెట్టి, బంతి తీసి, చూడనైనా చూడకుండా మణికట్టు ఒక్కసారి విదిలించింది. బంతి ముగ్గురి మధ్యలోంచి దూసుకుపోయి, అవతల రింగు కింద ఒంటరిగా నిలబడ్డ శివపార్వతి చేతుల్లో పడింది. అప్పుడు వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఏమ్మే పరుపులూ!"

అక్కడ ఆగాం. ఇప్పుడు కానిద్దాం.

మస్తాన్ బీ వెంటనే తిరగలేదు. ఆ పేరు కువైట్‌లో ఒక్కరికీ తెలియదు. కడపలో కూడా అందరూ మరిచిపోయి ఉంటారని ఆమె నమ్మకం. తిరిగి చూస్తే కళ్ళద్దాలు, బూట్లు, చీర మీద స్వెట్టరు వేసుకుని ఒక పెద్దావిడ చంటిపిల్ల బండి పట్టుకుని నిలబడి ఉంది. చీర కింద బూట్లు వేసుకునే మనిషి మస్తాన్ బీ జీవితంలో ఒక్కతే ఉంది.

"సత్తెక్కా?"

"నేనేమ్మే! ఆ చెయ్యి చూసి గుర్తుపట్న్యా. మొగం జూసింటే గుర్తుపట్టేదాన్నే కాదు. ఎంత లావైనావే!"

"నువ్వు మాత్రం తగ్గినావా?"

ఇద్దరూ కౌగిలించుకున్నారు. చంటిపిల్ల బండి దొర్లిపోతుంటే శివపార్వతి పరుగున వెళ్ళి పట్టుకుంది. ఆవిడ సత్యశ్రీ. కడపలో ఒక కాలేజీలో ఆటలు నేర్పే మేడం. కూతురు ఇక్కడ నర్సు. పురిటికి సాయం చేయడానికి వచ్చి, మనవరాలికి సముద్రపు గాలి తగిలిద్దామని ఇటు నడిచింది. ఆ గాలే ఆమెను ఇక్కడికి తెచ్చిందని నేనంటే మీరు నవ్వుతారు గాని, మనుషులు కలుసుకునేది ఇలాగే.

"పరుపులేంది మేడం? మా మస్తానక్కకు ఆ పేరేంది?" అని అడిగింది శివపార్వతి. రాయచోటి పిల్ల, సెలూన్‌లో పని, జట్టులో అందరికంటే పొడుగు, అందరికంటే నోరు.

"మీకు దెలీదా? ఈమె ఎవురనుకుంటాండారు మీరు?"

"వంట బాగా జేస్తాది."

సత్యశ్రీ నెత్తి కొట్టుకుంది. బంతి తీసుకుని దాని మీదే కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఆమె మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, మాట తప్పిపోతూ చెప్పింది కాబట్టి, ఆ సంగతి మనం మన మాటల్లో చెప్పుకుందాం.

మస్తాన్ బీ తండ్రి బుడేన్ సాహెబ్ దూదేకేవాడు. పెద్ద విల్లు భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగి, పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. ఇంట్లో దూదిమూటలు అటక మీదికి ఎక్కించాలంటే కింద మస్తాన్ బీ, పైన వాళ్ళమ్మ. కింద నుంచి ఈమె మూట విసరాలి, పైన ఆమె పట్టుకోవాలి. దూది దుమ్ముకు కళ్ళు మండుతాయి కాబట్టి పైకి చూడకుండానే విసరడం అలవాటైంది. ఎటు విసిరితే అమ్మ చేతిలో పడుతుందో చేతికే తెలుసు. ఆ చెయ్యిని కాలేజీలో డ్రిల్లు మాస్టారు చూశాడు. వాకిట్లో బుక్కుల కట్ట స్నేహితురాలికి విసురుతుంటే చూశాడు. ఆట అలా మొదలైంది.

వాళ్ళ వీధిలో ఆడపిల్ల కాలేజీ మెట్టు ఎక్కడమే కొత్త. ఇక బంతి పట్టుకుని మైదానంలో పరుగెత్తడమంటే ఊరుకుంటారా? వీధి పెద్దలు వచ్చి కూర్చున్నారు. అటు కాలేజీలోనూ కొందరు, సాయిబుల పిల్లకు ఇదేం సరదా అని మూతి విరిచారు. బుడేన్ సాహెబ్ అందరి మాటా విన్నాడు. ఏకుతున్న దూది చేత్తో పట్టుకుని చూపించాడు.

"బంతిలో ఉండేది గాలే గదప్పా. దూదిలో ఉండేదీ గాలే. మా ఇంటి పనే మా పాప జేస్తాంది."

అని మళ్ళీ విల్లు అందుకున్నాడు. ఆ శబ్దానికి పెద్దలకు మాట్లాడే వీలు లేకపోయింది. నాకు ఆ మనిషంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే, కూతురు ఏ ఊరికి ఆడబోయినా తనూ వెంట పోతాడు. పోయి ఖాళీగా కూర్చోడు. ఆ ఊళ్ళో విల్లు భుజాన వేసుకుని పరుపులు ఏకుతాడు. సాయంత్రం వచ్చి గోడవారన నిలబడి ఆట చూస్తాడు. తల మీద, కనుబొమల మీద దూది అంటుకుని ఉండేది. జట్టులో పిల్లలందరూ ఆయన్ని నాయనా అనే పిలిచేవాళ్ళు.

ఇక పరుపుల సంగతి. జట్టంతా పొట్టి లాగులు వేసుకునేవాళ్ళు. మస్తాన్ బీకి మాత్రం తండ్రి పొడుగు ప్యాంటు కుట్టాడు. ఇంట్లో ఉన్న గుడ్డ ఏది? పరుపుగుడ్డ. తెలుపు మీద నీలం చారలు. చిన్న చిన్న ఆటల్లో ఎవరూ పట్టించుకోలేదు. తిరుపతిలో కాలేజీల పోటీలో సెమీఫైనల్ ముందు రోజు రిఫరీ ఆపాడు. జట్టంతా ఒకే తీరు బట్టలుండాలి, ఈ అమ్మాయి పొట్టి లాగు వేసుకోవాలి, లేదా బయట కూర్చోవాలి అన్నాడు. ఆయన తప్పేం లేదు, రూలు అట్లానే ఉంది.

మస్తాన్ బీ బూట్లు విప్పడం మొదలుపెట్టింది. అప్పుడు కెప్టెన్ సత్యశ్రీ రిఫరీ ముందుకు పోయి నిలబడింది.

"సార్, అందరం ఒకే తీరు ఏసుకుంటే ఒప్పుకుంటారా?"

"ఎందుకు ఒప్పుకోను?"

"అయితే రేప్పొద్దున రండి."

బుడేన్ సాహెబ్ పని కోసం తెచ్చుకున్న పరుపుగుడ్డ తానును బసలోని వసారాలో పరిచాడు. కత్తిరించాడు. మిషను లేదు. పరుపులు కుట్టే దబ్బనంతోనే కుట్టాడు. పిల్లలంతా చుట్టూ కూర్చుని దారాలు ఎక్కించి ఇచ్చారు. తెల్లవారి జట్టంతా పరుపుగుడ్డ ప్యాంట్లు వేసుకుని మైదానంలోకి నడిచారు. చూడ్డానికి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. "పరుపులొచ్చినాయిరోయ్!" అని ఒకడు అరిచాడు. ఆ అరుపు సెమీఫైనల్లో ఎగతాళి. ఫైనల్ ముగిసేసరికి అదే అరుపు జైకారమైపోయింది.

"ఫైనల్లో నేనేసిన బుట్టలు పేపర్లో పడినాయి," అంది సత్యశ్రీ. "నా పేరు, నా ఫొటో. ఒక్కటన్నా నేను తెచ్చుకున్న బంతి కాదు పాపా. ఈమె ఎట్ల జూస్తాదో, ఎప్పుడు ఇస్తాదో తెలీదు. ఈమె మొగం ఆ పక్క, బంతి ఈ పక్క. నేను చేతులు చాపుకోని నిలబడుకుంటే వచ్చి చేతుల్లో కూసునేది. ఇన్నేండ్లుగా పిల్లోల్లకు ఆట నేర్పిస్తాండా. అట్లా ఇచ్చే చెయ్యి మళ్ళా జూడలా."

మస్తాన్ బీ తల వంచుకుని చున్నీ అంచు చుట్టుకుంటూ కూర్చుంది. సంతోషం దాచుకోవడం చేతగాక మజ్జిగ చెంబు తీసి అందరికీ మళ్ళీ పోయబోయింది. శివపార్వతి చెంబు లాక్కుంది.

"నువ్వు కూసో అక్కా. ఈ పొద్దు నేను పోస్తా."

గిన్నె పట్టుకోకుండా కూర్చోవడం మస్తాన్ బీకి అలవాటు లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియని దానిలా కూర్చుంది.

"ఆ తర్వాత మేడం?"

"తర్వాత ఏముంది. మా కాలేజీ నుంచి నన్నూ ఈమెనూ యూనివర్సిటీ జట్టుకు తీసుకున్యారు. కడప దూదేకుల పిల్ల యూనివర్సిటీకి ఆడటమంటే మాటలా? మాలలేసినారు. నాయన విల్లుకు గూడా మాలేసినారు. మద్రాసులో పెద్ద టోర్నమెంటు. ఆడికి మాత్రం రాలేకపోయింది పాపం."

సత్యశ్రీ నిట్టూర్చింది. మస్తాన్ బీ తల ఎత్తింది. ఏదో అనబోయింది, ఈలోపు జట్టంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలైంది.

ఎందుకంటే వాళ్ళకు ఇప్పుడు ఒక మనిషి కావాలి. వచ్చే శుక్రవారం పొద్దున ఫైనల్. ఎదురు ఫిలిప్పీన్స్ అమ్మాయిల జట్టు. వాళ్ళు నిద్రలో లేపి బంతి ఇచ్చినా బుట్టలో వేస్తారు. మనవాళ్ళు ఫైనల్ దాకా ఎలా వచ్చారంటే, ఒకసారి ఎదుటి జట్టు దారి తప్పి రాకపోవడం వల్ల, ఇంకోసారి వాళ్ళలో ఇద్దరికి కాళ్ళు బెణకడం వల్ల. పైగా జట్టులో బంతి నడిపించే వెంకటేశ్వరిని వీసా ఇచ్చిన కఫీల్ కుటుంబం ఒమన్‌కు వెంటబెట్టుకుపోయింది. ఆమె స్థానం ఖాళీ.

"మస్తానక్క ఆడాల!" అంది శివపార్వతి. "సార్, మస్తానక్క ఆడాల!"

సార్ అంటే నాగేంద్రప్రసాద్. రాజంపేట మనిషి, మిర్కాబ్‌లో ఆఫీసు ఉద్యోగం, తెలుగు సంఘానికి క్రీడల కార్యదర్శి. శుక్రవారం మెడలో విజిల్ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. చెడ్డవాడు కాదు. ఎవరికైనా కష్టమొస్తే మొదట పరుగెత్తేది ఆయనే. ఆ దయే ఆయనతో వచ్చిన ఇబ్బంది. ఎదుటివాళ్ళకు ఏది కష్టమో వాళ్ళకంటే ముందు ఆయనే తేల్చేస్తాడు.

ఆయన విజిల్ నోట్లోంచి తీసి మెల్లగా అన్నాడు. "నాకూ ఆశగానే ఉందమ్మా. కానీ ఆలోచించండి. శుక్రవారం పొద్దున వాళ్ళింట్లో చుట్టాలందరికీ వంట. ఆ రోజు వంటమనిషి లేకపోతే అరబ్బు ఇంట్లో ఊరుకుంటారా? మామా పంపదు. అడిగితే ఉన్న సాయంత్రం సెలవు కూడా పోతుంది. పాపం, మస్తానమ్మను అడిగి ఇబ్బంది పెట్టొద్దు. శివపార్వతీ, సెలూన్‌లో మీ పక్క సీటు అమ్మాయిని రమ్మను. చొక్కా మీద ఆమె పేరు వేయిస్తా."

ఆయన చెప్పింది అందరికీ నిజమనే అనిపించింది. సత్యశ్రీకి మరీ నిజమనిపించింది. తల ఊపుతూ, ఎంతో మెత్తగా అంది:

"సారు జెప్పింది కరెక్టే. అప్పుడూ ఇంతే గదా. మద్రాసు టోర్నమెంటు పది దినాలు. ఆ పిల్లను ఇంట్లో పంపుతారా అని మేనేజరు సారు నన్ను అడిగినాడు. నేనే చెప్పినా. వాళ్ళిండ్లల్లో పంపరు సార్, నాయన మొగమాటానికి సరే అంటాడు గానీ వీధిలో తలెత్తుకోలేడు, అడిగి ఇబ్బంది పెట్టొద్దండీ అని. కెప్టెన్ను గదా, నా మాట ఇన్న్యాడు. ఇంకొక పిల్లను తీసుకోని పోయినాం."

చెప్పి కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. తను చేసిన మంచిపని గుర్తొచ్చినప్పుడు మనిషి ముఖం ఎలా మెత్తబడుతుందో అలా మెత్తబడింది ఆమె ముఖం.

మస్తాన్ బీ లేచి నిలబడింది.

"నువ్వు జెప్పినావా సత్తెక్కా?"

"నేనేమ్మే. నీకు తెలీదా?"

"నాయనను అడిగినావా?"

"అడగడమేంది. మాకు తెలీదా మీ ఇండ్ల సంగతి?"

"నన్ను అడిగినావా?"

సత్యశ్రీ కళ్ళద్దాలు పెట్టుకుంది. ఎదురుగా ఉన్న ముఖం సరిగ్గా కనిపించాక ఆమె చేతులు ఆగిపోయాయి.

"నా ఆట చాల్లేదనుకున్యా," అంది మస్తాన్ బీ. గొంతు పెంచలేదు. ఏ కూరకు ఎంత ఉప్పు అని చెప్పినట్టే చెప్పింది, అందుకే వినడం కష్టమైంది. "ఇన్నేండ్లూ అదే అనుకున్యా. చూసినారు, ఈ పిల్లకు సరిగ్గా రాదని ఇంకొకరిని తీసుకున్యారు అని. ఇంట్లో గిన్నెలు తోముతా గూడా ఆ ఫైనల్ మనసులో ఆడుకునేదాన్ని. యాడ తప్పు ఇచ్చినా, ఏ పాసు సరిగ్గా పోలా అని."

"నీ ఆట చాలకపోవడమేందే!"

"ఉండు సత్తెక్కా. నేను జెప్తా. మీరు పోయే దినం మేం కాలేజీకి వచ్చినాం. నేనూ నాయనా. నాయన చేతిలో పెద్ద మూట. ఏముంది అందులో? ప్యాంట్లు. జట్టంతటికీ కుట్న్యాడు. మద్రాసులో మళ్ళీ ఎవురన్నా అడ్డం జెప్తే మన దగ్గర సిద్ధంగా ఉండాల అని. వాచ్‌మెన్ చెప్పినాడు, పొద్దున రైలుకే అందరూ పోయినారు అని."

శివపార్వతి చెంబు కింద పెట్టేసింది.

"నాయన ఏమన్న్యాడు తెలుసునా? వాళ్ళకు ఏం తొందరొచ్చిందో ఏమో పాపా, పిలిచేది మర్చిపోయింటారు, తంతి పంపిస్తారు అన్న్యాడు. నా పెట్టె విప్పనీలా. వీధిలో ఎవురన్నా అడిగితే, మా పాప మద్రాసుకు పోవాల, తంతి కోసరం సూస్తాండాం అని చెప్పేటోడు. తలెత్తుకునే చెప్పేటోడు సత్తెక్కా. ఆ తలను నువ్వు వంగదీసినావు. మా నాయన నన్ను ఆపలా. ఆయన మింద ఆ మాట పడనీను. ఆయన పొయ్యి చాన్నాళ్ళయింది, ఆయనొచ్చి చెప్పుకోలేడు."

"ఆ ప్యాంట్లు?" అడిగింది ఎవరో, మెల్లగా.

"అన్నీ విప్పి, అతికి, పరుపు కుట్న్యాడు. నా పెండ్లికి ఇచ్చినాడు. కాలేజీకి మళ్ళా పోలా నేను."

సత్యశ్రీ బంతి మీంచి లేచి గట్టు మీద కూలబడింది. గట్టిగా మాట్లాడే మనిషి, జీవితమంతా మైదానం అవతలికి వినబడేలా అరిచిన మనిషి. ఇప్పుడు పక్కనున్నవాళ్ళకు కూడా వినపడనంత చిన్నగా అంది.

"మొదటి మ్యాచీలోనే ఓడిపోయినాం మస్తానీ. చేతులు చాపుకోని నిలబడుకున్యా. బంతి రాలా. మంచిదే జేస్తాండాననుకున్యా. దేవుని తోడు, మంచిదే అనుకున్యా."

"నాకు తెలుసు," అంది మస్తాన్ బీ. "నువ్వు చెడ్డ జెయ్యవు. ప్యాంటు ఏసుకున్న్యావు నా కోసరం. అందరికంటే ముందు ఏసుకున్న్యావు. అందుకే ఇంత నొప్పి."

పక్క కోర్టులో ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళు ఆట ఆపి ఇటే చూస్తున్నారు. నాగేంద్రప్రసాద్ దగ్గాడు. అందరి కళ్ళూ తన మీదికి తిరిగే సమయం దగ్గర పడిందని ఆయనకు అర్థమైంది. తిరిగాయి కూడా.

"సార్," అంది మస్తాన్ బీ, "మీరు ఇంతకు ముందు ఏమన్న్యారు?"

"అదేనమ్మా... నిన్ను ఇబ్బంది పెట్టొద్దని..."

"అడిగి ఇబ్బంది పెట్టొద్దు అన్న్యారు. మా నాయన మింద పడిందీ ఈ మాటే. ఇబ్బంది నాకు గదా పడేది? పడాల్నో వద్దో నన్ను చెప్పనీండి సార్. వద్దంటే నేనంటా. మామా వద్దంటే మామా అంటాది. అడక్కుండానే అందరి నోర్లల్లోనూ మీరే దూరి జవాబు జెప్తే ఎట్లా?"

చప్పట్లు కొట్టాలనిపించింది కదూ? జట్టువాళ్ళకూ అనిపించింది. కానీ శివపార్వతి కొట్టలేదు. ఆమె మస్తాన్ బీనే చూస్తూ, నుదురు చిట్లించి, అడగనా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగేసింది.

"మస్తానక్కా, నువ్వు మామాను అడిగినావా? శుక్రవారం పొద్దున సెలవు కావాలని? ఎప్పుడన్నా?"

మస్తాన్ బీ చున్నీ ముడి మీద చెయ్యి వేసింది.

అడగలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ, ఇఖామా మీద ఇఖామా, ఇక్కడ ఉండడానికిచ్చే ఆ అనుమతి కాగితాలు, మారుతూ వచ్చిన ఇన్నేళ్ళలో, ఒక్కసారి కూడా అడగలేదు. మామా ఒప్పుకోదని ఆమెకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పొద్దున లేచి మసాలాలు వేయిస్తూ, పెద్ద దేగ్చాలో అన్నం వారుస్తూ తనకు తానే చెప్పుకుంది. మామా కోపిష్టి. మామా వినదు. మామాను అడిగి ఇబ్బంది పడొద్దు. సత్యశ్రీ తన ఇంటి సంగతి తేల్చేసినట్టే, తను మామా ఇంటి సంగతి తేల్చేసింది.

"అడగలా," అంది మస్తాన్ బీ. సిగ్గుపడింది; ఆ సిగ్గును దాచుకోలేదు. నాకు ఆమె మీద గౌరవం ఇంకో మెట్టు ఎక్కింది ఇక్కడే. పాసు తప్పు పోయిందని ఒప్పుకోవడానికి మంచి ఆటగాళ్ళే తొందరపడతారు.

చున్నీ ముడి విప్పి ఫోను తీసింది.

"ఇప్పుడే అడుగుతా. మీ అందరి ముందరా."

నాగేంద్రప్రసాద్ ఆపబోయి, చెయ్యి ఎత్తి, మళ్ళీ దించుకున్నాడు. నేర్చుకుంటున్నాడు పాపం.

ఫోను మోగింది. మామా ఎత్తింది. వంటింట్లో నేర్చుకున్న అరబ్బీలో ఉప్పు లేదు, గ్యాసు అయిపోయింది, పిల్లలు తినలేదు అనడానికి మాటలున్నాయి గాని, నేను ఒకప్పుడు ఆట ఆడేదాన్ని, మళ్ళీ ఒక్కసారి ఆడాలని ఉంది అనడానికి మాటలు ఎప్పుడూ అవసరం పడలేదు.

"మామా... అనా మహబూలా... జుమ్మా రోజు..."

నేను మహబూలాలో ఉన్నా, శుక్రవారం రోజు అని. సరిగ్గా అప్పుడే పక్క కోర్టులో కుర్రాళ్ళు ఏదో బుట్ట పడి పెద్దగా అరిచారు. కంగారులో నాగేంద్రప్రసాద్ విజిల్ ఊదాడు. చంటిపిల్ల లేచి ఏడుపు మొదలుపెట్టింది.

"మస్తానా! మషాకిల్?" అంది ఫోనులో మామా, గొడవేమిటి అని. జవాబు వినలేదు. "ఖల్లీచ్ మకానిచ్. అనా యాయా."

ఫోను పెట్టేసింది.

"ఏమంటాది?" అందరూ ఒకేసారి.

"ఉన్నకాడే ఉండమనింది. ఆమె వస్తాందంట."

ఇక సలహాలే సలహాలు. చెప్పులేసుకుని పో అక్కా, దారిలో ఎదురుపడు అన్నారు ఒకరు. బంతి అవతల పెట్టండి, చిత్రాన్నం గిన్నె ముందు పెట్టండి, వంట పంచడానికి వచ్చిందని చెబుదాం అన్నారు ఇంకొకరు. కోపంగా వస్తోందా, భయపడి వస్తోందా అని తర్కించారు. ఎగైలా నుంచి మహబూలాకు ఎంతోసేపు పట్టదు. మస్తాన్ బీ ఎవరి మాటా వినలేదు. చెప్పులు విడిచింది. చున్నీ నడుముకు బిగించింది. సత్యశ్రీ లేచిన చోట పడి ఉన్న బంతి తీసుకుంది.

"శివపార్వతీ, పోయి రింగు కింద నిలబడు. ఆ పక్కనుండే పాపా, నువ్వు కుడిపక్క పరుగెత్తు. నన్ను జూడొద్దు, చేతులు మాత్రం చాపండి."

మొదటి బంతి శివపార్వతి తల మీదుగా పోయి కంచెకు కొట్టుకుంది. భుజం పట్టేసింది, పెద్ద దేగ్చాలు ఎత్తి ఎత్తి ఆ భుజం ఎప్పుడో చెడిపోయింది. రెండోదీ పక్కకు పోయింది. ఎవరూ నవ్వలేదు. మూడోది వేసేటప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది, అటక మీద వాళ్ళమ్మ ఉన్నట్టు. బంతి వెళ్ళి శివపార్వతి అరచేతుల్లో కూర్చుంది. ఆ పిల్ల దాన్ని బుట్టలో వేయడం కూడా మరిచిపోయి, పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడే తెల్లటి పెద్ద కారు సందు మలుపు తిరిగి గ్రౌండు పక్కన ఆగింది. తలుపు తెరుచుకుంది. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా, నల్ల కళ్ళజోడు, చేతిలో కారు తాళాలు. మామా దిగి, చుట్టూ చూసింది. ఆడవాళ్ళు, బంతి, విజిల్ మనిషి, చంటిపిల్ల, మధ్యలో ఒట్టి కాళ్ళతో తన వంటమనిషి.

మస్తాన్ బీ అడుగు వేయబోయింది. ఆమె కంటే ముందు ఎవరో పోయారు. సత్యశ్రీ. చీర కింద బూట్లతో, దాదాపు పరుగెత్తి, మామా ఎదుట నిలబడి రెండు చేతులూ జోడించింది. అరబ్బీ ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు గుర్తు రాలేదు. వచ్చింది కడప తెలుగు.

"అమ్మా, మా మస్తానిని వచ్చే శుక్రవారం ఆటకు పంపిస్తారా? అడగాల్సిన మాట. అప్పుడు వాళ్ళ నాయనను అడగలా నేను. మిమ్మల్ని అడుగుతాండా. పంపిస్తారామ్మా?"

ముప్పై ఏళ్ళ కిందట కడపలో ఒక పరుపుల సాయిబు ముందు నిలబడి అడగవలసిన ప్రశ్న, మహబూలాలో, ఒక్క ముక్క అర్థం కాని మనిషి ముందు, చివరికి బయటికి వచ్చింది. అడుగుతున్న మనిషి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. మామా ఆ నీళ్ళను చూసింది. జోడించిన చేతులను చూసింది. ఆమె భుజం మీదుగా మస్తాన్ బీ వైపు చూసింది.

"మస్తానా. షినూ తగూల్ హాదీ?"

ఈవిడేమంటోంది అని.

సత్యశ్రీ పక్కకు జరిగింది. అడిగింది కెప్టెనే గాని, ఆ ప్రశ్నను మామాకు అందించాల్సింది మళ్ళీ మస్తాన్ బీయే. మాటలు లేవు ఆమె దగ్గర. ఉప్పు, గ్యాసు, అన్నం. ఆమె బంతిని రెండు చేతులా గుండెకు పట్టుకుంది. ఈసారి ముఖం అటు, బంతి ఇటు లేదు. సూటిగా మామా ముఖంలోకి చూసి, తెలిసిన నాలుగు అరబ్బీ ముక్కలూ కూర్చింది.

"మామా, ఇది నా పని. వంట కంటే ముందు నా పని ఇది. జుమ్మా రోజు పొద్దున, ఒక్కసారి, నేను పోవాల. నువ్వు పంపిస్తావా?"

మామా చేతిలో తాళాలు ఆడడం ఆగిపోయింది. ఆమె నెమ్మదిగా నల్ల కళ్ళజోడు తీసింది. మళ్ళీ పేజీలు అయిపోయాయి; మామా జవాబు వచ్చే వారం.